బండి కదిలేదాకా

మా తమ్ముడి కూతుళ్ళు రమ్య, కావ్య జట్టుగా పాడతామని ఏడాదిగా ఇంట్లో హడావుడి చేస్తున్నారు. జట్టుకు పేరు పెట్టుకున్నారు, ఒకే రంగు బట్టలు కుట్టించుకున్నారు, ఫొటోలు కూడా దిగారు. పాట ఒక్కటే ఇంకా మొదలుకాలేదు. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, "అత్తా, నువ్వు గిన్నేండ్లు పాడినవ్ గదా, మాకు జర ట్రిక్స్ చెప్పు" అన్నారు.

ట్రిక్కులు చెప్పడానికి నేనేమీ గారడీ చేయలేదు. అయినా కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, కూర్చుని వినే ఓపిక వాళ్ళకు అంతకన్నా లేదు. అందుకే రాసి పెడుతున్నాను. సన్మానాలు, శాలువాల సంగతులు ఇందులో ఉండవు. అవన్నీ బీరువాలో ఉన్నాయి, కావాలంటే తీసి చూసుకోండి.

మేం పాడింది ఏమిటి

మేం ముగ్గురం. అక్క విజయ, నేను సరోజ, తమ్ముడు శ్రీను. సూరత్‌లో నేత పని చేసుకునే మన తెలంగాణ కుటుంబాల వాళ్ళు మమ్మల్ని "విజయక్క జట్టు" అంటారు. అందులో నా పేరూ లేదు, తమ్ముడి పేరూ లేదు. మొదట్లో నాకు కొంచెం కడుపుమంటగా ఉండేది. తర్వాత అలవాటైంది. పెళ్ళిళ్ళకు, బతుకమ్మకు, మార్కండేయ స్వామి ఉత్సవానికి, గణపతి మండపాలకు పాడాం. నవరాత్రుల్లో గర్బా ఆర్కెస్ట్రాల వెనక కోరస్ కూడా పాడాం.

కానీ జనం మమ్మల్ని ప్రత్యేకంగా వచ్చి పిలుచుకుపోయింది అప్పగింతల పాట కోసం. అది మా అమ్మ కట్టిన పాట. అందులో చివరి మాట దగ్గర గొంతు ఒక్క పట్టున సాగాలి. పెళ్ళికూతురు పందిట్లోంచి అడుగు బయట పెట్టినప్పుడు ఆ సాగదీత మొదలవుతుంది. ఆమె నడిచి, బండెక్కి, తలుపు పడి, బండి కదిలేదాకా అది ఆగకూడదు. మధ్యలో తెగితే, పిల్ల ఇంకా గడప దాటకముందే పుట్టింటివాళ్ళు తలుపు వేసుకున్నట్టు లెక్క. మా గల్లీలలో ఈ పట్టింపు ఎంత బలంగా ఉండేదంటే, పాట సాగుతున్నంతసేపే పెళ్ళికూతురు నడుస్తుంది. పాట ఆగితే తనూ ఆగిపోతుంది.

అంతసేపు ఒక్క మనిషి ఊపిరి నిలవదు. ముగ్గురుంటే నిలుస్తుంది. ఒకరు గాలి పీల్చుకునేటప్పుడు ఇద్దరు లాగుతారు. తోబుట్టువులం కాబట్టి మా గొంతులు ఒకే తానులోంచి చింపిన గుడ్డముక్కల్లా ఉండేవి. ఎవరు ఆపారో, ఎవరు అందుకున్నారో వినేవాళ్ళకు తెలిసేది కాదు. మా విద్య అంతా ఇంతే. రాగజ్ఞానం మాకు పెద్దగా లేదు. ఉందని ఎవరైనా చెబితే మర్యాద కోసం చెప్పినట్టు.

సాంచాల గోడ పక్కన

మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద పనిచేశాడు. బమ్రోలిలో మా గది గోడకు అవతలే మగ్గాల షెడ్డు. ఆ సాంచాల, అంటే కరెంటు మగ్గాల చప్పుడులో పక్కన నిలబడి అరిచినా మాట వినపడేది కాదు. అమ్మ మాకు పాటలు నేర్పింది ఆ గదిలోనే. ఒకరి గొంతు ఒకరికి వినపడనప్పుడు కలిపి పాడడం ఎలా? చూసి పాడాలి.

అక్క మధ్యలో, ఒక అడుగు ముందుకు నిలబడేది. నేను ఎడమ పక్క, తమ్ముడు కుడి పక్క. అక్క భుజం లేచిందంటే ఊపిరి తీసుకుంటోందని అర్థం. అప్పుడు మేమిద్దరం గట్టిగా లాగాలి. భుజం దిగాక నా వంతు, ఆ తర్వాత తమ్ముడి వంతు. మళ్ళీ అక్క భుజం. మాకు తాళం, శ్రుతిపెట్టె అన్నీ ఆ భుజమే. పెద్దయ్యాక స్టేజీల మీద మైకులు వచ్చాయి, చెవులకు అన్నీ వినపడ్డాయి. అయినా మేం అక్క భుజం వైపే చూసేవాళ్ళం.

ఒకసారి ఒక సంగీతం మాస్టారు మా పాట విని, పాట బాగుందిగానీ భుజాలు ఎగరేయడం తప్పని చెప్పాడు. గాలి కడుపులోంచి తీసుకోవాలట, పైకి కనపడకూడదట. తమ్ముడికి అది బాగా పట్టింది. ఇంటికి వచ్చి ముగ్గురి చేతా కదలకుండా పాడించాడు. ఒక్క చరణం కూడా సరిగా రాలేదు. గాలి ఎవరు ఎప్పుడు తీసుకుంటున్నారో తెలియక ముగ్గురం ఒకేసారి ఆపాం, ఒకేసారి అందుకున్నాం.

"నీ మాస్టరుకు తోబుట్టువులు ఉన్నరారా?" అని అక్క అడిగింది.

"ఏమో, నాకేం తెల్సు?"

"ఉండరు. ఉంటే గట్ల చెప్పడు."

ఆ మాస్టారు చెప్పింది శాస్త్రం ప్రకారం సరైనదే. మీరిద్దరూ సంగీతం క్లాసుకు వెళ్తే అదే చెబుతారు, అదే నేర్చుకోండి. మాకు మాత్రం అది కళ్ళకు గంతలు కట్టినట్టయింది.

బిపిన్‌భాయ్ చెప్పిన మాట

మాకు పని ఇచ్చినవాళ్ళలో బిపిన్‌భాయ్ ఒకడు. గర్బా ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో వక్కపొడి. మాట కరుకు, లెక్క నిక్కచ్చి. కళాకారుల్ని కూలీల్లాగే చూసేవాడు, కూలీల్ని మాత్రం బాగానే చూసేవాడు.

ఒక ఏడాది నవరాత్రులకు అతను అక్కను ఒక్కదాన్నే ముందు నిలబెట్టి పాడించాలని అనుకున్నాడు. మమ్మల్నిద్దరినీ వద్దన్నాడు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తమ్ముడు బయటికి నవ్వుతూ తిరిగాడుగానీ వాడికీ మండింది. అడాజన్‌లో పెద్ద పార్టీ ప్లాట్ మైదానం, లైట్లు, అక్క ఒంటి మీద అద్దాలు కుట్టిన కొత్త చనియా చోళీ. మేం జనంలో నిలబడి చూశాం. అక్క గొంతు బాగానే ఉంది. కానీ ప్రతి లైను చివరా ఆమె గాలి పీల్చుకోవడం మైకులో వినపడుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ పక్కన పాడుతున్నా, అక్క ఊపిరి చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు బిపిన్‌భాయ్ మా ఇద్దరికీ కబురు పెట్టాడు. వెళ్ళగానే వక్కపొడి నోట్లో వేసుకుని, "తీనోం మిల్‌కే ఏక్ సింగర్ బన్‌తే హో, బెన్. అలగ్ అలగ్ మే కుఛ్ నహీ" అన్నాడు. ముగ్గురూ కలిస్తేనే ఒక గాయని, విడివిడిగా ఏమీ లేదని. నాకు చాలా కోపం వచ్చింది. దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే మా గురించి అంత నిజం ఇంకెవరూ చెప్పలేదు.

రమ్యా, కావ్యా, మీలో ఒకరిని ఎవరో విడిగా పిలుస్తారు. ఖచ్చితంగా పిలుస్తారు. వెళ్ళొద్దని నేను చెప్పను. వెళ్ళి, ఆ పాట రికార్డు చేసుకుని ఇంటికొచ్చి వినండి.

పెళ్ళికూతురి వైపు చూడకండి

అక్క పెట్టిన కట్టడి ఒకటి ఉంది. అప్పగింతల పాట పాడేటప్పుడు పెళ్ళికూతురి వైపు చూడకూడదు. చూస్తే ఏడుపొస్తుంది, ఏడుపొస్తే గొంతు పూడుకుపోతుంది. అక్క ఒక్కతే ముందుంటుంది కాబట్టి బండి కదిలిందా లేదా అని కంటి చివర నుంచి చూసుకునేది. మేమిద్దరం అక్కను చూసేవాళ్ళం. ఇన్నేళ్ళలో నేను ఎన్ని పెళ్ళిళ్ళలో పాడానో, అందులో ఒక్క పెళ్ళికూతురు బండెక్కడం కూడా చూడలేదు.

ఏడుపు కంటే నవ్వు ప్రమాదం. పాండేసరాలో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురు జీపెక్కింది, తలుపు పడింది, జీపు మాత్రం స్టార్ట్ కాలేదు. డ్రైవర్ తాళం తిప్పుతాడు, అది దగ్గుతుంది, ఆగుతుంది. మేం పాట ఆపడానికి లేదు. పెళ్ళికొడుకు మేనమామ చొక్కా చేతులు మడిచి, "నూకుర్రి" అని అందర్నీ పిలిచాడు. వాళ్ళు జీపును నెడుతున్నారు, మేం లాగుతున్నాం. తమ్ముడికి నవ్వు ఆగలేదు. వాడి గొంతు వణకడం మొదలైంది, నాకూ అంటుకుంది. అక్క మోచేత్తో డొక్కలో పొడిచిన పోటు నాకు ఇప్పటికీ గుర్తుంది. చివరికి జీపు కదిలింది. పెళ్ళికూతురి తల్లి కళ్ళనీళ్ళతో వచ్చి, నా బిడ్డ కోసం మీ గొంతులు వణికినయ్ అని మా చేతులు పట్టుకుంది. మేం తలలు దించుకున్నాం.

సాంచాలు ఆగినప్పుడు

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టినప్పుడు సాంచాలు ఆగిపోయాయి. బమ్రోలిలో అలాంటి నిశ్శబ్దం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పక్కింటి కుక్కర్ కూతకు ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు అంట్లు తోముకుంటూ పాట అందుకుంటే ఎవరో పోట్లాడుతున్నట్టు వినిపించింది. అది నా గొంతే. ఇన్నాళ్ళూ సాంచాల మీదికి ఎక్కేలా పాడి పాడి మెల్లగా పాడడం నాకు రాకుండా పోయింది. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"నీ గొంతు మొదటి సంది గట్లనే ఉంటదే. ఊకె బాధపడతవని చెప్పలే" అంది.

అప్పటికి మేం మూడు చోట్ల ఉన్నాం. అక్క అడాజన్‌లో, బావ టిఫిన్ సెంటర్‌కు దగ్గరలో ఫ్లాట్‌లో. నేను బమ్రోలిలోనే. తమ్ముడు వరాఛాలో ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేసేవాడు. మా వాళ్ళు చాలామంది రైళ్ళు వదలగానే ఊళ్ళకు వెళ్ళిపోయారు. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. అక్క కూతురు మౌనిక పెళ్ళి కూడా ఆగింది.

ఆ ఏడాది బతుకమ్మకు అడాజన్‌లో తెలుగు డాక్టర్ల కుటుంబాలు ఫోన్‌లో పాడమని అడిగాయి. ముగ్గురం మూడు ఇళ్ళలో వీడియో కాల్‌లో కూర్చున్నాం. తెర మీద అక్క భుజం లేచేసరికి అసలు అక్క ఊపిరి తీసుకోవడం అయిపోయి పాట అందుకునేది. ఒకసారి ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం, ఒకసారి ముగ్గురం మౌనంగా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డాక్టర్లు మంచివాళ్ళు, చప్పట్లు కొట్టారు. తర్వాత తమ్ముడు ముగ్గురివీ విడివిడిగా రికార్డు చేయించి, కంప్యూటర్‌లో అతికించి పంపాడు. ఎక్కడా సందు లేదు, నున్నగా ఉంది.

అక్క విని, "మంచిగుంది. ఎవ్వలూ బతికున్నట్టు లేదు గాని" అంది.

ఒక్క గోళీ

మరుసటి ఎండాకాలం అక్కకు కరోనా వచ్చింది. ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. మౌనిక ల్యాబ్ టెక్నీషియన్ కాబట్టి తెలిసినవాళ్ళ ద్వారా కబురు తెలిసేది. ఆ రోజుల గురించి రాయడం నాకు ఇష్టం లేదు. అక్క ఇంటికి వచ్చింది, అది చాలు.

మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టారు. ఊపిరితిత్తులకు బలం రావాలని ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. దానిలో మూడు గొట్టాలు, మూడు గోళీలు. గాలి లోపలికి పీలిస్తే గోళీలు లేవాలి. మా అక్క పీల్చింది. ఒక్క గోళీ సగం దాకా లేచి వణికి పడిపోయింది. జీపును ఇంటి ముందు నుంచి నెట్టేదాకా పాట ఆపని మనిషి. నేను నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మౌనిక పెళ్ళికి మళ్ళీ ముహూర్తం పెట్టారు. అక్కకు ఒకటే పట్టుదల.

"నేను పాడాలె. ఊరోళ్ళ పిల్లలందర్నీ సాగదోలిన. నా బిడ్డకు నేను పాడకుంటే ఎట్ల?"

డాక్టర్ కుదరదన్నాడు. మాట్లాడితేనే ఆయాసం వస్తోంది, ఊపిరి పట్టి లాగితే మళ్ళీ ఆసుపత్రే అన్నాడు. మౌనిక అంతకన్నా గట్టిగా చెప్పింది.

"అమ్మా, నువ్వు పాడితే నేను బండెక్క. గక్కడ్నే కూసుంట."

"పెండ్లి పిల్లవు గట్ల మాట్లాడతవానే?"

"నువ్వు మంచిగుంటే చాలు నాకు. పాట మామ, పిన్ని పాడతరు."

అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం లేచి మమ్మల్నిద్దరినీ పిలిచింది. "ఇద్దరితోని అయితదా?" అని అడిగింది. అవుతుందన్నాం. "అయితే నా ముంగట పాడుర్రి" అంది.

ఆమె మంచం ముందు నిలబడి రోజూ సాధన చేశాం. ఇద్దరే కాబట్టి ఒకరు గాలి తీసుకుంటే ఒకరే లాగాలి. కష్టంగానే ఉంది, కానీ వచ్చింది. ఎక్కడా తెగలేదు. అక్క దిండుకు ఆనుకుని మా వైపే చూస్తూ ఉండేది. ఇద్దరితోనే సాధించామని తమ్ముడూ నేనూ మురిసిపోయాం.

మౌనిక పెళ్ళి

అక్కా వాళ్ళ సొసైటీ పార్కింగ్‌లోనే పందిరి వేశారు. పెళ్ళికి ఇంతమందే రావాలన్న రోజులు, అందరి మొహాలకూ మాస్కులు. పాలల్లో చేతులు ముంచి పిల్లను అప్పగించే తంతు అక్క నిలబడి చేసింది. ఆ తర్వాత ఆయాసం వచ్చింది. గుంపుకు దూరంగా, మా వెనకాల స్తంభం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

తమ్ముడూ నేనూ గేటు దగ్గర నిలబడి పాట ఎత్తుకున్నాం. చరణాలు బాగా వచ్చాయి. చివరి మాట దగ్గర సాగదీత మొదలైంది. మౌనిక నడవడం మొదలుపెట్టింది. నేను అలవాటు కొద్దీ మా ఇద్దరి మధ్య చోటు వైపు చూశాను. తమ్ముడూ అటే చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకేసారి ఊపిరి అయిపోయింది, ఇద్దరం ఒకేసారి గాలి పీల్చుకున్నాం.

పాట తెగింది.

మౌనిక ఆగిపోయింది. ఒక కాలు గేటు అవతల, ఒక కాలు ఇవతల. చిన్నప్పట్నుంచి మా వెంట పెళ్ళిళ్ళకు తిరిగిన పిల్ల, పాట ఆగాక అడుగు వేయదు. బావ పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏ స్వరం అందుకోవాలో నాకు తెలుసు. కానీ ఎవరు అందుకోవాలి? మా జన్మలో ఎప్పుడూ అక్కే మొదలుపెట్టింది. మంచం ముందు సాధన చేసినన్ని రోజులూ మేం ఇద్దరం పాడలేదని అప్పుడు అర్థమైంది. దిండుకు ఆనుకున్న అక్క భుజం చూసి పాడాం.

వెనక్కి తిరిగాను. అక్క కుర్చీలోంచి లేచి, స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. మాస్కు తీయలేదు. మా ఇద్దరి వైపూ ఒకసారి చూసింది. ఆమె భుజం లేచింది.

మేం అందుకున్నాం. పెళ్ళికూతురికి వీపు పెట్టి పాడడం మర్యాద కాదు. అయినా ఇద్దరం అక్క వైపు తిరిగే పాడాం. అక్క నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. భుజం లేచినప్పుడల్లా ఎంత బాధగా ఉందో కళ్ళలో కనిపిస్తోంది. అయినా వంతు తప్పకుండా లేస్తూ దిగుతూనే ఉంది. దిగగానే నేను పీల్చుకున్నాను, నా తర్వాత తమ్ముడు. వెనక నడక చప్పుడు, బండి తలుపు పడిన చప్పుడు, ఇంజిన్ చప్పుడు వినిపించాయి. మౌనిక బండెక్కడం కూడా నేను చూడలేదు. అక్క చూస్తోంది. మా భుజాల మీదుగా, రెప్ప వేయకుండా, తన కట్టడి తానే తప్పి బిడ్డను చూస్తోంది.

బండి చప్పుడు దూరమైంది. పూర్తిగా పోయింది. అక్క భుజం మాత్రం ఆగలేదు, అందుకని మేమూ ఆపలేదు. బండి వెళ్ళాక కూడా పాడుతున్నారేమిటని జనం మా వైపు చూస్తున్నారు. తమ్ముడి మాస్కు తడిసిపోయింది. చాలాసేపటికి అక్క రోడ్డు చివరి నుంచి చూపు తిప్పి, కుర్చీలో కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"బండి మూల మల్గింది. ఇగ చాలు" అంది.

మా జట్టు పాడిన చివరి పాట అదే. విజయక్క ఆ ఆరోగ్యంతో అంతసేపు ఎట్లా పాడింది, డాక్టర్ తిట్టడా అని ఆ రోజు వచ్చిన చాలామంది ఇప్పటికీ నన్ను అడుగుతారు. ముగ్గురి గొంతులూ విన్నామని ఒట్టేసి చెబుతారు. నేను కాదనను.

రమ్యా, కావ్యా, మీరు అడాజన్ వెళ్ళండి. పెద్దత్త ఇప్పుడు రెండు గోళీలు లేపుతోంది. పాట పాడమని అడగొద్దు. మీరు పాడేటప్పుడు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి.